వాతావరణ మార్పు మీద బొమ్మలు: గోడకు అందమా, మనిషికి చదువా?

డ్రాయింగ్ మాస్టారు (కాకినాడ)
ఎనిమిదో తరగతి పిల్లలకు "భూమి వేడెక్కడం" మీద పోస్టర్ వేయమన్నాను. 36 బొమ్మలు వచ్చాయి. సగానికి పైగా వాటిలో మంచుగడ్డ మీద నిలబడ్డ ధ్రువపు ఎలుగుబంటి, లేకపోతే నోట్లో థర్మామీటర్ పెట్టుకున్న భూగోళం. సముద్రం ఏటా కోసుకుపోతున్న ఉప్పాడ మాకు గంట ప్రయాణం కూడా ఉండదు. ఆ ఊరి పిల్లలే ముగ్గురున్నారు క్లాసులో. ఇద్దరు ఎలుగుబంటినే వేశారు. మూడో అమ్మాయి మాత్రం అలల మధ్య ఒక నూతి గట్టు వేసి, కింద "ఇది మా అమ్మమ్మ వాళ్ల పెరడు" అని రాసింది. ఆ బొమ్మ దగ్గర ప్రతి పిల్లాడూ మాట్లాడకుండా నిలబడిపోయాడు.

దాన్ని బడి ప్రహరీ మీద పెద్దదిగా వేయించాలని ఉంది. ఆ డబ్బుతో మొక్కలు నాటొచ్చు కదా అంటున్నారు తోటి టీచర్లు. బొమ్మ చూసి మనుషులు నిజంగా ఏమైనా నేర్చుకుంటారా?

ఒండ్రుమట్టి
వేయించండి మాస్టారూ. కానీ కింద ఏం రాస్తారో అన్నదే నా టెన్షన్. నేను భూగర్భ శాస్త్రం చదువుకున్నాను. ఉప్పాడ కోతకు సముద్రమట్టం పెరగడం ఒక్కటే కారణం కాదు. గోదావరి మీది ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి తీరానికి చేరేది తగ్గింది. తీరం వెంట సాగే ఇసుక కదలికను కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పెరగడం, రేవు పనులు మార్చేశాయి. బలహీనపడిన ఒడ్డు మీదికి పెరుగుతున్న సముద్రం వచ్చి పడుతోంది. "భూతాపం మా ఊరిని మింగేసింది" అని రాస్తే అది సగం నిజం. రేపు ఆ పిల్లే పెద్దదై మిగతా సగం తెలుసుకుంటే, మీరు చెప్పిన మొదటి సగాన్ని కూడా నమ్మదు.

గీత (హైదరాబాద్, డిజైనర్)
ఒండ్రుమట్టి గారూ, ఇన్ని కారణాలు పెడితే అది పోస్టర్ కాదు, పాఠ్యపుస్తకం. పోస్టర్ ఒక్క మాటే చెప్పాలి. ఇంగ్లండ్‌లో రెడింగ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ 2018లో చేసిన చారలు చూడండి. ఏడాదికి ఒక నిలువు చార. చల్లటి ఏడాదికి నీలం, వేడి ఏడాదికి ఎరుపు. అంకె లేదు, అక్షరం లేదు. ఎడమ నుంచి కుడికి చూపు జరిగేసరికి విషయం అర్థమైపోతుంది.

పొలంగట్టు
గీత మేడమ్, ఆ చారల్ని నేను ఒక ఊళ్లో రైతుల సమావేశంలో చూపించాను. ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడ "చీర అంచు బాగుంది బాబూ" అంది. ఆవిడ తప్పేం లేదు. ఎరుపంటే మనకు కుంకుమ, పెళ్లి బట్టలు. ఎరుపంటే ప్రమాదమని ఎవరో ముందు చెప్పి ఉండాలి.

అదే, వాతావరణ శాఖ హెచ్చరికలకు వాడే నాలుగు రంగులు జనానికి ఎక్కాయి. టీవీలో రెడ్ అలర్ట్ అనగానే ధాన్యం మీద పరదా కప్పుతారు, పడవలు ఒడ్డుకు లాగుతారు. ఆ రంగు వెనక చేయాల్సిన పని ఉంది కాబట్టి. 2015 ఎండలకు మన రెండు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఉపాధి పనికి వెళ్లే మనిషికి కావలసిన బొమ్మ ఏది? నడినెత్తిన సూర్యుడు, చెట్టు నీడ, మజ్జిగ చెంబు, ఓఆర్ఎస్ ప్యాకెట్. నా ఓటు దానికే.

పటం కథ (సిద్దిపేట)
మా చేర్యాల పటాల్లో నేపథ్యమే ఎరుపు, పొలంగట్టు అన్న చెప్పింది నిజం. కానీ ఇక్కడందరూ ఒక్క బొమ్మ గురించే వాదిస్తున్నారు. చేర్యాల పటం ఒక్క బొమ్మ కాదు. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి, దాని మీద కథంతా అరలు అరలుగా గీస్తారు. కాకిపడగల వాళ్లు ఆ పటాన్ని ఒక్కో అరా విప్పుతూ పాడి చెబుతారు. జనం ప్రశ్నలడుగుతారు, కథ చెప్పే మనిషి ఆగి జవాబిస్తాడు. బొమ్మ పక్కన మనిషి ఉంటాడు. మాస్టారి గోడకు లేనిది ఆ మనిషే.

గీత (హైదరాబాద్, డిజైనర్)
చీర అంచు మాట విన్నాక రంగుల గురించి మళ్లీ ఆలోచిస్తున్నాను. మనిషి పక్కన ఉండాలన్నదీ ఒప్పుకుంటాను. 2015లో పారిస్ వాతావరణ సదస్సు సమయంలో కళాకారుడు ఓలాఫర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ కలిసి గ్రీన్‌లాండ్ మంచు దిమ్మెలు 12 తెప్పించి, నడివీధిలో గడియారంలా పేర్చారు. అవి కరుగుతుంటే జనం చేతులు పెట్టి చూశారు. ఒండ్రుమట్టి గారూ, మాస్టారితో మీరెందుకు కలవకూడదు?

ఒండ్రుమట్టి
తప్పకుండా వస్తాను. తీరం ఎలా మారిందో చూపే పాత, కొత్త పటాలు కూడా తెస్తాను.

డ్రాయింగ్ మాస్టారు (కాకినాడ)
అయితే ఒక బొమ్మ కాదు, నాలుగు అరలు వేస్తాం. ఒకదాంట్లో నది, ఆనకట్ట; ఇంకోదాంట్లో రేవు, దిబ్బ; తర్వాత వేడెక్కి ఉబ్బుతున్న సముద్రం; చివర్లో నూతి గట్టు. బడి మధ్యాహ్నం విడిచిపెట్టే రోజుల్లో పిల్లలే గోడ పక్కన నిలబడి కథ చెబుతారు. పొలంగట్టు గారూ, మీ మజ్జిగ చెంబు బొమ్మ గేటు దగ్గర వేయిస్తాను, ఎండాకాలం లోపే. మొక్కలు ఎలాగూ నాటుతాం, వాటికి డబ్బు వేరే ఉంది.

ఆదివారం ఆ అమ్మాయితో, వాళ్ల నాన్నతో కలిసి ఉప్పాడ వెళ్తున్నాను. నూతికీ ఇంటికీ మధ్య ఎన్ని అడుగులుండేదో, పెరట్లో ఏ చెట్లుండేవో అమ్మమ్మ గారిని అడిగి రాసుకోవాలి.