చర్మ క్యాన్సర్‌ను మొక్కల సారాలు ఆపగలవా?

ప్రశ్న:
మా తమ్ముడికి పుట్టుకతోనే ఆల్బినిజం ఉంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఒంట్లో లేనందువల్ల చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువని డాక్టరు గారు చెప్పారు, కానీ పత్తి చేలో పని మానుకునే స్థితి మాది కాదు. గ్రీన్ టీ సారం, పసుపు సారం ఈ జబ్బును రానివ్వవని చదివి వాటి మాత్రలు తెప్పిద్దామనుకుంటున్నాను. ఈలోగా మా పెద్దమ్మ అది బొల్లి అనుకుని బావంచాల నూనె ఇచ్చింది. అది రాసుకుని చేలోకి వెళ్లిన రెండు రోజులకు వాడి ముంజేతులు కమిలి పొక్కులు లేచాయి. ఏది వాడవచ్చో దయచేసి చెప్పండి.

జవాబు 1:
ముందు ఆ నూనె ఆపించండి. బావంచాలలో సోరాలెన్ అనే రసాయనం ఉంటుంది. అది చర్మంలో ఉండగా ఎండలోని యూవీఏ కిరణాలు సోకితే కణాల డీఎన్‌ఏకు అతుక్కుపోతుంది. సోరియాసిస్‌కు ఆస్పత్రుల్లో సోరాలెన్, యూవీఏ కలిపి కొలిచిన మోతాదులోనే ఇస్తారు. అయినా ఆ చికిత్స ఎక్కువసార్లు తీసుకున్నవారిలో స్క్వేమస్ సెల్ క్యాన్సర్లు (ఒక రకం చర్మ క్యాన్సర్లు) పెరిగాయి. పైగా మెలనిన్ తయారు కాని చర్మానికి దానివల్ల రంగు కూడా రాదు. పొక్కులు చిదమకుండా డాక్టరుకు చూపించండి.

జవాబు 2:
గ్రీన్ టీలోని ఈజీసీజీ, పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థాలు ఎలుకల చర్మంపై కణుతులను తగ్గించిన మాట నిజమే. అయితే క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ మీద కూడా ఒకప్పుడు ఇంతే ఆశ ఉండేది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, నాంబోర్ అనే ఊళ్లో 1992 నుంచి 1996 వరకు 1,621 మందిపై పరీక్షించి చూస్తే, రోజూ 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మింగినవారికి ఏ మేలూ కనబడలేదు. అదే పరీక్షలో రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో స్క్వేమస్ సెల్ క్యాన్సర్లు దాదాపు 40 శాతం తగ్గాయి. మీ తమ్ముడు గ్రీన్ టీ తాగితే తప్పు లేదు, కానీ సారం మాత్రలు పెద్ద మోతాదులో వేసుకుంటే కాలేయం దెబ్బతినవచ్చు. ఆ డబ్బుతో సన్‌స్క్రీన్, నిండు చేతుల చొక్కా, చెవులూ మెడా కప్పే వెడల్పు టోపీ కొనండి.

జవాబు 3:
మన నానబాలు వంటి పాల మొక్కే అయిన యూఫోర్బియా పెప్లస్ సంగతి కూడా తెలుసుకోవాలి. దాని పాలలోని ఇంజెనాల్ మెబ్యుటేట్‌తో చేసిన జెల్‌ను, క్యాన్సర్‌గా మారగల ఎండ మచ్చలకు మందుగా 2012లో అమెరికాలో అనుమతించారు. మూడేళ్లు గమనిస్తే ఆ జెల్ వాడినవారిలో 3.3 శాతం మందికి, పోల్చి చూసిన మరో మందు వాడినవారిలో 0.4 శాతం మందికి స్క్వేమస్ సెల్ క్యాన్సర్ వచ్చింది. 2020లో యూరప్‌లో దాన్ని ఉపసంహరించారు. మీవాడి పెదవులు, చెవులు, మెడ నెలకోసారి మీరే వెలుతురులో పరిశీలించండి. నెల దాటినా మానని పుండు ఉంటే ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నూనె పారబోశాను, మాత్రలు తెప్పించడం లేదు. మీరు చెప్పాక చూస్తే ఎడమ చెవి వెనక పెసరగింజంత పుండు, పైన పక్కు కట్టి ఉంది. రెండు నెలలుగా టోపీ ఒరుసుకుంటోందనుకున్నాడట. రేపు పొద్దున్నే చర్మ వైద్యుల దగ్గరికి తీసుకెళ్తున్నాను.