అడ్మిరల్ జోషి రాజీనామా చెయ్యాల్సిందేనా?

బీచ్‌రోడ్డు: 2014 ఫిబ్రవరి 26న ముంబయి దగ్గర సముద్రంలో సింధురత్న జలాంతర్గామిలో పొగ కమ్మి ఇద్దరు అధికారులు చనిపోయారు. అదే రోజు నౌకాదళాధిపతి డి.కె.జోషి నైతిక బాధ్యత తీసుకుని పదవి వదిలేశారు. ఇంకా ఏడాదికి పైగా సర్వీసుంది. మీరేమంటారు?

లంగరు: మంచి పని చేశారు. అంతకు ఆరు నెలల ముందే సింధురక్షక్ జలాంతర్గామి పేలి 18 మంది పోయారు. 1956లో మన మహబూబ్‌నగర్ రైలు ప్రమాదానికి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు, అరియలూరు ప్రమాదం తర్వాత ఒప్పుకున్నారు. ఆ పద్ధతిని జోషిగారు నిలబెట్టారు.

పెరిస్కోపు: లంగరు గారూ, జోషిగారి నిజాయితీ మీద నాకు వీసమెత్తు అనుమానం లేదు. 1974లో చేరి, జలాంతర్గాముల వేటలో నిపుణుడై, కుఠార్, రణ్‌వీర్, విరాట్ యుద్ధనౌకలకు కెప్టెన్‌గా చేసిన మనిషి. అలాంటివాడు ఉండి పోరాడాల్సింది. శాస్త్రిగారు మంత్రి, నిర్ణయం ఆయన చేతిలో ఉంది. నౌకాదళాధిపతి ఫైలు పంపగలడు, డబ్బు మంజూరు చేయలేడు. కొత్త స్కార్పీన్ జలాంతర్గాముల ఒప్పందం 2005లో అయితే, మొదటిది కల్వరి 2017 డిసెంబరులో గానీ దళంలో చేరలేదు. ఈలోగా 1988 నాటి సింధురత్నకే మరమ్మతులు చేసి సముద్రంలో పరీక్షిస్తుంటే ఈ ఘోరం జరిగింది.

పోనీ ఆయన వెళ్లాక ఏం బాగుపడింది? ఏప్రిల్ 17 దాకా పూర్తిస్థాయి అధిపతే లేడు. ఆర్.కె.ధోవన్‌ను నియమించాక, ఆయనకన్నా సీనియరైన శేఖర్ సిన్హా ముందుగానే రిటైర్మెంట్ తీసుకున్నారు. ఒక్క రాజీనామాతో ఇద్దరు అనుభవజ్ఞుల్ని పోగొట్టుకున్నాం.

లంగరు: కొనుగోళ్ల సంగతి ఒప్పుకుంటానండి. కానీ ఆ జనవరిలో మన విశాఖ దగ్గర ఐరావత్ యుద్ధనౌక నేలకు తగిలితే, దాని కెప్టెన్‌ను కమాండ్ నుంచి తప్పించారు. ఓడ దెబ్బతింటేనే కెప్టెన్‌ను దించే దళంలో, మనుషులు పోయాక అధిపతి కుర్చీలో కూర్చుంటే కింద ఎవరు మాట వింటారు?

పెరిస్కోపు: ఆ కొలత రక్షణ మంత్రి దాకా వెళ్లాలిగా మరి! 1959లో సైన్యాధిపతి జనరల్ తిమ్మయ్య రాజీనామా ఇస్తే నెహ్రూ పిలిచి, నచ్చజెప్పి వెనక్కి తీయించారు. జోషిగారి విషయంలో రాజీనామాను అదే రోజు ఆమోదించేశారు. రక్షణ మంత్రి ఆంటోనీగారు మాత్రం పదవిలోనే కొనసాగారు.