పికప్‌కి వీల్ స్పేసర్లు వేయొచ్చా, వద్దా?

మట్టిబాట:
పికప్‌కి కంపెనీ టైర్లు తీసేసి వెడల్పు టైర్లు వేశాను. రిమ్ములు పాతవే, ఆఫ్‌సెట్ ఈటీ 30 (ఇరుసు చివర హబ్‌కి బిగించే ముఖం రిమ్ము నడిమి గీతకి 30 మి.మీ. బయట ఉంటుంది; ఈ అంకె తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది). స్టీరింగ్ చివరిదాకా తిప్పితే ముందు టైరు లోపలి అంచు సస్పెన్షన్ పై ఆర్మ్‌కి రాసుకుంటోంది. హబ్‌కీ రిమ్ముకీ మధ్య 30 మి.మీ. మందం బిళ్ళలు, అంటే స్పేసర్లు, వేస్తే సరిపోతుందని చెప్పారు. అప్పుడప్పుడు వెనక లోడు కూడా వేస్తాం. వేయమంటారా?

కమానుకట్ట:
వద్దండీ. చక్రం బయటికి జరిగినకొద్దీ హబ్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది. బిందె చంకన పెట్టుకోవడం వేరు, చెయ్యి చాచి పట్టుకోవడం వేరు. పైగా లోడు వేసే బండి. బేరింగులు తొందరగా పోతాయి.

నీలిట్రక్కు:
నా బండికి ఉన్నాయి, ఏ ఇబ్బందీ లేదు. చూడ్డానికి కూడా నిండుగా ఉంటుంది.

రెంచిపట్టు:
కమానుకట్ట గారూ, ఈ బేరింగ్ సంగతి మీరు ప్రతిసారీ సగమే చెబుతారు. ఈటీ 30 రిమ్ముకి 30 మి.మీ. స్పేసర్ వేస్తే లెక్క ఈటీ 0 అవుతుంది. స్పేసర్ లేకుండా ఈటీ 0 రిమ్మే కొని బిగించినా టైరు సరిగ్గా అక్కడే నిలబడుతుంది, బేరింగ్ మీద పడే భారమూ అంతే. మరి బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేసుకున్నవాళ్ళని మీరు ఒక్కసారైనా వద్దన్నారా?

మట్టిబాట గారూ, స్పేసర్లలో రెండు రకాలు. 3, 5 మి.మీ. పలుచటి బిళ్ళలు హబ్ స్టడ్ల (నట్లు ఎక్కే మర కడ్డీల) మీద ఊరికే తొడిగేస్తారు. వాటితో నట్టుకి దొరికే మర తగ్గిపోతుంది. 12 మి.మీ. స్టడ్, 1.5 పిచ్ (మర చుట్ల మధ్య దూరం 1.5 మి.మీ.) అయితే నట్టు ఏడెనిమిది చుట్లయినా ఎక్కాలి. మీరు చెప్పేవి బోల్ట్-ఆన్ రకం: స్పేసర్‌ని దాని నట్లతో హబ్‌కి బిగిస్తారు, చక్రాన్ని స్పేసర్‌కే ఉన్న స్టడ్లకి బిగిస్తారు. 6061-టీ6 గానీ 7075-టీ6 గానీ అల్యూమినియంతో ఫోర్జింగ్ చేసినవే తీసుకోండి. పోతపోసినవి ముట్టుకోవద్దు.

కమానుకట్ట:
బేరింగ్ మీద భారం పెరుగుతుందని మీరే ఒప్పుకున్నారు కదా.

రెంచిపట్టు:
పెరుగుతుంది. రిమ్ము మార్చినా అంతే పెరుగుతుందన్నాను. ఆ ముక్క మీరు చదవడం లేదు.

గుంతలదారి:
బేరింగ్ కంటే ముందు స్టీరింగ్ సంగతి చూసుకోండి. టైరు నేలను తాకే చోటు బయటికి జరిగితే, ఒక చక్రం గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది. ఒక చక్రం మట్టిలో ఉండగా బ్రేకు కొడితే పక్కకి లాగుతుంది. ఇదీ స్పేసర్లకీ, ఈటీ తక్కువ రిమ్ములకీ రెండింటికీ వర్తిస్తుంది.

నీలిట్రక్కు:
వెడల్పు పెరిగితే బండి తిరగబడే భయం తగ్గుతుందిగా? అది లాభమే కదా.

గుంతలదారి:
రెండు వైపులా కలిపి 60 మి.మీ. పెరుగుతుంది. చక్రాల మధ్య దూరం 1500 మి.మీ. ఉన్న బండికి అది నాలుగు శాతం. వెడల్పుతోపాటు టైరు ఎత్తు కూడా పెరిగి ఉంటే ఆ లాభం మిగలదు.

తొట్టిబండి:
కొనేముందు స్పేసర్‌లో హబ్ దూరే మధ్య రంధ్రం కొలత చూడండి. 6×139.7 (139.7 మి.మీ. వృత్తం మీద ఆరు స్టడ్లు) అని రాసున్నంత మాత్రాన చాలదు. టయోటా హైలక్స్‌కి ఆ రంధ్రం కొలత 106.1 మి.మీ., ఫోర్డ్ రేంజర్‌కి 93.1. స్టడ్ల అమరిక ఒకటే కాబట్టి హైలక్స్ స్పేసర్ రేంజర్‌కి చక్కగా ఎక్కేస్తుంది, కానీ హబ్ చుట్టూ ఆరు మి.మీ. పైన ఖాళీ ఉండిపోతుంది. వేగం పెరిగితే వణుకు మొదలవుతుంది.

కమానుకట్ట:
నా సంగతి చెబుతాను వినండి. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి స్పేసర్లు ఉన్నాయని అమ్మినవాడు చెప్పలేదు. టైర్లు మార్పించాను. చక్రాలు విప్పినవాళ్ళకి స్పేసర్లు కనబడే ఉంటాయి, అయినా లోపలి నట్లు ముట్టుకోలేదు, నాకో మాట చెప్పలేదు. తర్వాత వెనక చక్రం నుంచి చప్పుడు రావడం మొదలైంది. విప్పి చూస్తే లోపలి నట్లు రెండు చేత్తోనే తిరిగాయి. స్టడ్ రంధ్రాలు కోలగా సాగిపోయి ఉన్నాయి. ఆ బండిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగాను నేను.

రెంచిపట్టు:
బాధాకరమే. కానీ తప్పు స్పేసర్‌ది కాదు, బిగించినవాడిది. చక్రాన్ని నిలబెట్టేది స్టడ్ల లావు ఒక్కటే అనుకుంటారు. బిగింపు వల్ల హబ్ ముఖానికీ స్పేసర్‌కీ మధ్య పుట్టే రాపిడే అసలు పట్టు. అందుకే హబ్ మీది తుప్పు, రంగు గీకెయ్యాలి. కొన్ని బండ్లకి ఫ్యాక్టరీలో బ్రేక్ డ్రమ్ము జారకుండా స్టడ్లకి రేకు క్లిప్పులు తొడిగి ఉంచుతారు. అవి తీయకపోతే స్పేసర్ ఒరిగి కూర్చుంటుంది. టార్క్ రెంచితో (ఎంత బిగుసుకుందో కొలిచే రెంచి), బండి పుస్తకంలో ఉన్నదీ స్పేసర్ తయారీదారు చెప్పిందీ చూసుకుని, ఎదురెదురు నట్లు వరసగా బిగించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రాలు విప్పి లోపలివి మళ్ళీ చూడాలి. జర్మనీలో టీయూవీ (బండ్లనీ విడిభాగాలనీ పరీక్షించే సంస్థ) పత్రం ఉన్న స్పేసర్లకి రోడ్డు మీద అనుమతి ఉంది. వస్తువే చెడ్డదైతే ఇస్తారా?

కమానుకట్ట:
అక్కడ బిగించాక తనిఖీ కూడా ఉంటుంది, అది ఎందుకు వదిలేశావు? నీకు నీ రెంచి తప్ప ఇంకేమీ కనపడదు. నా బండికి బిగించినవాడు ఇవన్నీ చేశాడో లేదో నాకెలా తెలుస్తుంది?

రెంచిపట్టు:
ముందు మర్యాదగా మాట్లాడండి. ఎవడో చేతకానివాడు చేసిన పనికి నన్ను నిలదీస్తారేం?

గుంతలదారి:
ఇద్దరూ కాస్త ఆగండి. అడిగినాయన చూస్తున్నారు.

కమానుకట్ట:
‘మీరు’ అనే అంటాను, సరే. చక్రానికి ఆరు చొప్పున బండికి 24 నట్లు. వంగి చూస్తే అన్నీ కనబడతాయి. నాలుగు స్పేసర్లు వేస్తే ఇంకో 24, అన్నీ చక్రం వెనక. మీరొక్కరే నడిపి మీరొక్కరే విప్పే బండికైతే మీరు చెప్పింది నిజమే. అదే బండి చేతులు మారితే? దారిలో పంక్చరై ఇంకెవరో విప్పితే? నాకు బేరింగ్ కంటే ఇదే భయం.

రెంచిపట్టు:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు. అమ్మేటప్పుడు నేను తీసేస్తాను. పంక్చర్ వేస్తుంటే పక్కనే నిలబడతాను. ఒకడు పట్టించుకోలేదని, పట్టించుకునేవాణ్ణి కూడా వద్దనడం మాత్రం నేను ఒప్పుకోను.

కమానుకట్ట:
మీరు నిలబడతారు. మట్టిబాట గారూ, మీ బండి ఎవరెవరు నడుపుతారు?

మట్టిబాట:
నేనూ మా తమ్ముడూ. లోడు ఎక్కువగా వేసేది వాడే. స్పేసర్ల మాట వాడికి ఇంకా చెప్పలేదు. ఇంకొకటి, రాసుకునే చోట ఇప్పుడే కొలిచి చూశాను. 12 మి.మీ. బయటికి జరిగితే చాలు. నాకు 30 ఎందుకు చెప్పారో తెలియదు.

రెంచిపట్టు:
ఆ మందంలో బోల్ట్-ఆన్ కుదరదు, లోపల నట్టు కూర్చోడానికి చోటుండదు. తొడిగే రకమైతే పొడుగు స్టడ్లు కొట్టించాలి. అంత పని పెట్టుకునే బదులు అదే వెడల్పులో ఈటీ 15 రిమ్ములు చూడండి. టైరు మడ్‌గార్డుకి తగలకుండా ఉందో లేదో కూడా కొలవండి.

కమానుకట్ట:
స్పేసర్ వద్దని నేను మొదటి నుంచీ చెబుతున్నాను.

రెంచిపట్టు:
మీరు మొదటి నుంచీ చెప్పింది బేరింగుల గురించి.

నీలిట్రక్కు:
తొడిగే రకం అంటే నా బండికి ఉన్నవేనా? మందం 8 మి.మీ. ఉంటుంది. స్టడ్లు మార్చలేదు, కంపెనీవే.

రెంచిపట్టు:
నట్టు ఎన్ని చుట్లు ఎక్కుతోంది? ఇప్పుడే వెళ్ళి ఒక నట్టు విప్పి, చేత్తో తిప్పుతూ లెక్కపెట్టి ఇక్కడ రాయండి. అప్పటిదాకా బండి తీయకండి.

కమానుకట్ట:
అవును, తీయకండి. నాలుగు చక్రాలూ చూడండి.