ఆబ్లివియన్‌లో లెవెల్ పెరిగేకొద్దీ నేనే బలహీనమవుతున్నానా?

స్కైరిమ్ గేమ్ అయిపోయాక వెనక్కెళ్లి, అదే సిరీస్‌లో 2006 నాటి ఆబ్లివియన్ పట్టాను. మెరుగులు దిద్ది మళ్లీ వదిలిన రీమాస్టర్ కాదు, పాతదే. ఇప్పుడు లెవెల్ 22. మొదట్లో మూడు దెబ్బలకి పడిపోయిన గాబ్లిన్లు (చిన్న రాక్షసులు) ఇప్పుడెంత కొట్టినా చావట్లేదు. దారి కాచే దొంగ ఒంటి నిండా గ్లాస్ కవచం వేసుకొచ్చి నన్ను 100 నాణేలు అడుగుతున్నాడు. ఆ కవచం అమ్ముకుంటే వాడికి దొంగతనం అవసరమేంటి? నా మేజర్ స్కిల్స్‌లో (ఆట మొదట్లో ఎంచుకునే ముఖ్య నైపుణ్యాల్లో) అక్రోబాటిక్స్ (గెంతడం), అథ్లెటిక్స్ (పరుగు) ఉన్నాయి. తప్పు అక్కడేనా?

జవాబు 1:
అక్కడే. మేజర్ స్కిల్స్ ఏడూ కలిపి 10 పాయింట్లు పెరిగాక నిద్రపోతే ఒక లెవెల్. మీరు గెంతుకుంటూ తెచ్చుకున్నారు. శత్రువులు మీ లెవెల్‌ని చూసి పెరుగుతారు, మీకు కత్తి తిప్పడం వచ్చా రాదా అని చూడరు. పైగా లెవెల్ పెరిగినప్పుడు ఒక యాట్రిబ్యూట్‌కి (బలం, వేగం లాంటి గుణానికి) +5 రావాలంటే దాని కింది స్కిల్స్ 10 సార్లు పెరగాలి. అప్పట్లో నేను నోట్‌బుక్‌లో గీతలు గీసుకుంటూ ఆడాను. ఇంటర్ లెక్కలకి కూడా అంత కష్టపడలేదు.

జవాబు 2:
స్కైరిమ్‌లో ఆ గోల లేదు. 18 స్కిల్స్‌లో ఏది పెరిగినా లెక్కే. లెవెల్‌కి హెల్త్, మ్యాజికా, స్టామినాల్లో ఒకదానికి 10, ఒక పెర్క్ (స్కిల్‌కి అదనపు శక్తి), అంతే. నాకైతే డార్క్ సోల్స్ అనే ఇంకో గేమ్ పద్ధతే ఇష్టం. చంపి సంపాదించిన సోల్స్‌తోనే లెవెల్ కొనుక్కోవాలి. చస్తే అవి అక్కడే పడిపోతాయి, తెచ్చుకునేలోపు మళ్లీ చస్తే గోవిందా. టెన్షనే కానీ, మొదట్లో ఏడిపించిన వాణ్ణి తర్వాత వెళ్లి ఒక్క దెబ్బతో కొట్టొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అంటే నిద్రపోకపోతే లెవెల్ పెరగదన్నమాట. ఇక మంచం జోలికి పోను. డిఫికల్టీ కూడా కొంచెం తగ్గించాను, ఎవరికీ చెప్పకండి.