తాత లూగర్ పిస్తోలు మీద ‘ఎస్. డి.’ గుర్తు ఎవరిది?

దేవరకొండ మనవడు:
రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో పనిచేసిన మా తాత దగ్గరున్న లూగర్ అనే జర్మన్ పిస్తోలు ఇప్పుడు పోలీసు స్టేషన్‌లో డిపాజిట్‌లో ఉంది. కాగితాల కోసం తీసిన ఫోటోల్లో పిడి ముందువైపు ‘ఎస్. డి. 451’ అని, ఛాంబర్ (తూటా కూర్చునే గది) మీద 1917, 1920 అని రెండు సంవత్సరాలు ఉన్నాయి. ఇది హిట్లర్ గూఢచారి విభాగం ఎస్. డి. వారిదని, లక్షలు పలుకుతుందని తెలిసినవారొకరు అంటున్నారు. నిజమేనా?

పాత ఆర్మరర్, నల్లగొండ:
ఆయనకు ఒక చాయ్ ఇప్పించి సాగనంపండి బాబూ. ఆ గూఢచారి విభాగం పుట్టిందే 1931లో. మీ పిస్తోలు మీది ముద్ర జర్మనీలోని ప్రష్యా రాష్ట్ర పోలీసుల 1922 నాటి పద్ధతి. మొదటి అక్షరం శాఖది: ఎస్ అంటే షుట్జ్‌పొలిజై, పట్టణాల్లోని యూనిఫాం పోలీసులు. పల్లెల్లో తిరిగే లాండ్‌యేగరై వారికి ఎల్. తర్వాతిది జిల్లా: డి అంటే డ్యూసెల్‌డార్ఫ్. బెర్లిన్‌కు బి పోయింది కాబట్టి బ్రెస్లావ్‌కు బిఆర్ వేశారు. 451 ఆ జిల్లా లెక్కలో మీ పిస్తోలు వరుస నంబరు. ఫ్యాక్టరీ నంబరు వేరే ఉంటుంది, రెండూ కలపకండి.

1917లో జర్మనీ సైన్యానికి తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక ఆయుధాలకు లెక్క చెప్పాల్సి వచ్చి, 1920లో ప్రభుత్వ ఆస్తి అని ముద్ర కొట్టారు.

రిజర్వ్‌లో తుపాకుల నంబర్లు రిజిస్టరుతో సరిచూస్తూనే నా ఉద్యోగం గడిచింది. ఇంకో రెండు చూడండి. ఎడమవైపు రేకు పైన సన్నటి పట్టీ ఉందా? ఆ రేకు ఊడదీశాక కూడా లూగర్‌లో ఛాంబర్‌లో మిగిలిన తూటా పేలగలదు. అది ఆపడానికి 1930ల మొదట్లో పోలీసుల పిస్తోళ్లకు ఆ పట్టీ బిగించారు. రెండోది, అక్షరాల అంచులు. నల్లటి పూత చిట్లి లోహం మెరుస్తుంటే, ఎవరో ఈమధ్య కొట్టిన ముద్ర.

మిర్యాలగూడ పాఠకుడు:
ధర సంగతి పక్కన పెట్టండి. సైన్యం లూగర్ అంటే 9 మి.మీ., మన దగ్గర నిషిద్ధ బోర్, అంటే మామూలు పౌరులకు అనుమతి లేని గొట్టం కొలత. లైసెన్సు కాగితాలు తేలకుండా బేరం మాట కూడా ఎత్తవద్దు.

దేవరకొండ మనవడు:
పట్టీ ఉంది సార్. అక్షరాలు కొంచెం వంకరగా, పూతతో సమానంగా నల్లగానే ఉన్నాయి. మ్యాగజైన్ (తూటాలు నింపే గూడు) అడుగున 2 అని ఉంది.

పాత ఆర్మరర్, నల్లగొండ:
వంకర మంచిదే, ఒక్కో అక్షరం చేత్తో కొట్టేవారు. పిస్తోలుకు రెండు మ్యాగజైన్లు ఇచ్చేవారు, 1 అని ఉన్నది తాత పెట్టెలో వెతకండి. దొరికితే దాన్నీ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి.