ధైర్యం కోసం ప్రార్థించేటప్పుడు అసలు ఏమి అడగాలి?

ప్రశ్న: గుంటూరు సహోదరి

అందరికీ ప్రభువు నామమున వందనాలు. నేను ఒక బ్యాంకు శాఖలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మధ్యాహ్నం క్యారేజీ మూత తీసే ముందు అర నిమిషం కళ్లు మూసుకొని కృతజ్ఞతలు చెల్లించుకోవడం నాకు చిన్ననాటి నుండి ఉన్న అలవాటు. గత నెలలో బదిలీపై మా శాఖకు వచ్చిన ఒకావిడ దానిని గమనించి, "తలనొప్పిగా ఉందాండీ?" అని ఆప్యాయంగా అడిగారు. "ప్రార్థన చేసుకుంటున్నానండీ" అంటే సరిపోయేది. నేను మాత్రం "అవునండీ, పొద్దుటి నుండి కంప్యూటరు చూసి చూసి కళ్లు మండుతున్నాయి" అన్నాను. ఆమె వెంటనే తన సంచిలో నుండి అమృతాంజనం సీసా తీసి ఇచ్చారు. దానిని నుదుటికి రాసుకొని అన్నం తిన్నాను. ఆ ఘాటు సాయంత్రం ఇంటికి చేరే వరకు నన్ను వదలలేదు.

మా సంఘంలో ఆదివారం సాక్ష్యాలు చెప్పే యువకులు రైళ్లలో కరపత్రాలు పంచామనీ, సంతలో నిలబడి వాక్యం చెప్పామనీ అంటుంటే నేను తల వంచుకొని కూర్చుంటున్నాను. "ప్రభువా, నాకు ధైర్యమివ్వు" అని ప్రతి ఉదయం ప్రార్థిస్తున్నాను కానీ, భయం ఏమాత్రం తగ్గలేదు. ఉద్యోగంలో ఉండి మతప్రచారం చేస్తున్నానని ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమోనన్న భయం కూడా దానికి తోడయింది. నా ప్రార్థనలోనే ఏదో లోపం ఉందా? అనుభవమున్న పెద్దలు చెప్పగలరు.

సమాధానం: ఒంగోలు మాస్టారు

అమ్మా, వందనాలు. మీరు అడుగుతున్నది భయం పోవాలని. అపొస్తలుల కార్యములు నాలుగవ అధ్యాయంలో సంఘం అడిగినది అది కాదు. పేతురు, యోహానులను యూదుల మహాసభవారు యేసు పేరట మాట్లాడవద్దని బెదిరించి విడిచిపెట్టిన తరువాత, వారు నేరుగా తమ వారి దగ్గరకు వెళ్లి జరిగినదంతా చెప్పారు. అందరూ ఏకమనస్సుతో దేవుణ్ణి సృష్టికర్తగా స్తుతించి, రెండవ కీర్తనను గుర్తు చేసుకొని, అప్పుడు మాత్రమే తమ మనవి చెప్పుకున్నారు. బెదిరింపులు ఆగిపోవాలని వారు కోరలేదు. వాటిని చూడమని ప్రభువుకు అప్పగించి, వాక్యం చెప్పే ధైర్యం తమకు కావాలన్నారు. మన బైబిలులో "ధైర్యము" అని ఉన్న చోట గ్రీకు మూలంలో ఉన్న మాట "పర్రేసియా". గుండె దిటవు కంటే ఎక్కువగా, దాచకుండా మాట్లాడగల స్వేచ్ఛ అని దాని అర్థం. లోపల గుండె దడదడలాడుతున్నా నోరు దాచకుండా పలికితే ఆ ప్రార్థనకు జవాబు వచ్చినట్టే.

ఇంకొక సంగతి కూడా గమనించండి. ఆ ప్రార్థనలో ఉన్న పేతురు కొన్ని వారాల క్రితమే మంట దగ్గర చలి కాచుకుంటూ, ఒక పనిపిల్ల అడిగిన చిన్న ప్రశ్నకు, యేసును ఎరుగనని బొంకినవాడు. మీ అమృతాంజనం సంగతి చదవగానే నాకు అదే గుర్తుకు వచ్చింది. నవ్వొచ్చింది, కళ్లు కూడా చెమర్చాయి. పౌలు సైతం సంకెళ్లలో ఉండి, తాను నోరు తెరచినప్పుడు మాట అనుగ్రహింపబడేలా తన కొరకు ప్రార్థించమని ఎఫెసీయులను బతిమాలుకున్నాడు. అందుచేత మీరు ఒంటరిగా కాక, మీ స్త్రీల సమాజంలో ఇద్దరు ముగ్గురికి ఈ సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, వారితో కలిసి ప్రార్థించండి. మా ఊరి కొండ మీద 1854 నూతన సంవత్సర ఉదయాన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు మోకరించి ఒంగోలు కొరకు ఒక సేవకుణ్ణి అడిగినప్పుడు వారు ఐదుగురే. వారు అడిగిన ఆ సేవకుడిగా మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చి స్థిరపడినది 1866లో.

సమాధానం: ఖమ్మం నర్సు

మాస్టారు చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను కానీ, మనం ధైర్యం అనుకునేదంతా ధైర్యం కాదని కూడా చెప్పాలనిపిస్తోంది. మా వార్డులో సెలైన్ ఎక్కుతున్న మనిషి మంచం దిగి పోలేడు. నేను ఏమి చెప్పినా వినక తప్పదు, సరేననక తప్పదు. అలాంటి వారి ఎదుట, వారు అడగనిదే, నేను నా విశ్వాసం గురించి మాట్లాడను. నిరీక్షణకు కారణం అడిగిన వారికి సాత్వికంతో సమాధానం చెప్పమని పేతురు తన మొదటి పత్రికలో రాశాడు కదా. ఆ అడగడం అనేది మన పనితీరు చూసిన తరువాత వస్తుంది. ఒకసారి రాత్రి డ్యూటీలో ఒక ఇంజెక్షను ఆలస్యమైతే, చార్టులో సరైన సమయమే వేసెయ్యమని తోటివారు అన్నారు. ఆలస్యమైన సమయాన్నే రాశాను, మాటలు పడ్డాను. కరపత్రం ఇవ్వడం కంటే ఆ నాలుగు అంకెలు రాయడమే నాకు కష్టమైంది. చెల్లెమ్మా, మీ దగ్గరకు రుణం కోసం వచ్చే ఖాతాదారు కూడా మా రోగి వంటివాడే. భోజనాల బల్ల దగ్గర సమానంగా కూర్చున్న స్నేహితురాలి సంగతి వేరు.

సమాధానం: ఒంగోలు మాస్టారు

నర్సమ్మగారు చెప్పిన ఈ జాగ్రత్తకు మా ప్రాంతపు చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది. 1876–78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి చూపించారు. బాప్తిస్మం కావాలని వచ్చిన వారిని మాత్రం, ఎవరూ కూడు కోసం విశ్వాసంలోకి రాకూడదని, ఏడాదికి పైగా ఆపి ఉంచారు. సహాయం ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఆ సంఖ్య గురించే చెబుతారు. నాకైతే అంతమందిని అన్నాళ్లు వద్దని ఆపగలగడమే పెద్ద ధైర్యంగా తోస్తుంది.

సమాధానం: డోర్నకల్ వాసి

ఫిర్యాదు భయం గురించి ఎవరూ చెప్పలేదు కనుక రెండు మాటలు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను అందరికీ ఇచ్చింది. అది ప్రజా శాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంటుంది. మత సిద్ధాంతాలను వివరించడం ప్రచారం కిందకు వస్తుంది కానీ, ఎదుటివారిని మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. సొంత అన్నానికి కృతజ్ఞత చెప్పుకోవడం, ఎందుకని అడిగితే నిజం చెప్పడం దేనినీ అతిక్రమించవు. కౌంటరులో కూర్చున్న వేళ మాత్రం కౌంటరు పనే చేయండి.

1912లో డోర్నకల్‌కు బిషప్పయిన అజరయ్య గారు, బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరి చేత తల మీద చేతులు పెట్టించి, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. వారిలో చాలామంది చదువురాని కూలీలు. ఆదివారం సాక్ష్యాల వేదిక వారికి ఎక్కడిది? పక్క చేలో కలుపు తీసే మనిషితో మాట్లాడడమే వారి ప్రకటన.

ప్రశ్న అడిగిన సహోదరి

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్టు మా సమాజంలో ఇద్దరు అక్కయ్యలకు ఉన్నదంతా చెప్పాను. నిన్న భోజనాల దగ్గర, "ఆ రోజు కళ్లు మండుతున్నాయని మీతో అబద్ధం చెప్పానండీ, నేను ప్రార్థన చేసుకుంటున్నాను" అన్నాను. చేతులు వణికాయి. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మీ అబ్బాయి పేరు సమూయేలు అన్నప్పుడే తెలుసు లెండి, మీరే చెప్పలేదని ఊరుకున్నాను" అని తన డబ్బాలోని గోంగూర పచ్చడి నా వైపు జరిపారు. ఆ తరువాత, "ఇంతకీ ఏమని ప్రార్థిస్తారు?" అని అడిగారు. అన్నం కోసమని మాత్రం చెప్పగలిగాను; అంతకు మించి ఒక్క మాట రాలేదు. ఇప్పుడు నేను అడగవలసినది ఆ మాట కోసమే. మా భోజన విరామం రెండు గంటలకు. సోమవారం ఆ వేళకు గుర్తున్నవారు నన్నూ ఆవిడనూ ప్రార్థనలో తలచుకోండి.