పదహారో నెల టీకాకు తల్లులను ఎలా ఒప్పించాలి?

ఏఎన్ఎం, నర్సంపేట వైపు:
ఉపకేంద్రంలో కొత్తగా చేరాను. తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా దాకా తల్లులు పిలవకుండానే వస్తారు. 16–24 నెలల మధ్య వేసే డీపీటీ (కంఠసర్పి అంటే డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్, రెండో ఎంఆర్ అనేసరికి ముఖం చాటేస్తారు. "పిల్లాడు బాగానే ఆడుకుంటున్నాడు కదమ్మా, మళ్లీ సూది ఎందుకు?" అంటారు. పత్తి ఏరే రోజుల్లో ఇళ్లకు తాళాలే. కరపత్రం మొత్తం చదివి వినిపిస్తే తల ఊపి వెళ్లిపోతున్నారు. ఏం చెబితే వింటారు?

విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు, హనుమకొండ:
అమ్మా, ముందు ఆ కరపత్రాన్ని సంచిలో పెట్టేయండి. మీరు త్వరగా ముగిస్తే పనికి పోవచ్చని తల ఊపుతారు, అంతే. "పోయినసారి సూది వేశాక ఆ రాత్రి ఏమైంది?" అని అడిగి ఊరుకోండి. తొడ గట్టిపడి పిల్ల నిద్రపోలేదు, అత్త "నిన్నెవరు తీసుకుపొమ్మన్నారు" అని కోడలిని దులిపేసింది, మర్నాడు కూలి పోయింది. అసలు సంగతి ఇదైతే కంఠసర్పి మీద ఉపన్యాసం ఎవరికి కావాలి?

జ్వరం మాట వాళ్లకంటే ముందు మీరే ఎత్తండి. డీపీటీ తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, సూది వేసిన చోట వాపు మామూలే. పిల్ల బరువు చూసి, పారాసిటమాల్ సిరప్ ఎంత పోయాలో మూత మీది గీతను వేలితో చూపించండి. ఫిట్స్ వచ్చినా, పిల్ల మత్తుగా పడి ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రమ్మనండి. టీకా వేశాక అరగంట కూర్చోబెడతారు కదా, ఈ మాటలకు అదే సమయం. చాలామంది ఆ అరగంట రిజిస్టరు రాసుకుంటూ గడిపేస్తారు.

అత్తగారిని కూడా రమ్మనండి. "మీ కాలంలో కోరింత దగ్గు వచ్చిన పిల్లలు ఎలా ఉండేవారు?" అని అడగండి. దగ్గి దగ్గి ఊపిరాడక నీలంగా మారిన పిల్లను చూసిన మనిషైతే ఇక మీరు నోరు విప్పక్కర్లేదు, కోడలికి ఆమే చెబుతుంది. పత్తి రోజుల్లో మాత్రం టీకాల డబ్బా పొద్దున్నే వచ్చేలా మీ డాక్టరుతో మాట్లాడాలి. పది గంటలకు వస్తే ఊళ్లో ఎవరుంటారు?

పిల్లల వైద్యుడు, వరంగల్:
ఒక మాట. తల్లులకు చెప్పేటప్పుడు రెండో ఎంఆర్‌ను కూడా బూస్టర్ అనకండి. తల్లి నుంచి వచ్చిన రక్షణ కొంత మిగిలి ఉండటం వల్ల తొమ్మిదో నెల డోసు తట్టు విషయంలో నూటికి సుమారు 15 మందికి పట్టదు. ఎవరికి పట్టలేదో పైకి తెలియదు కాబట్టి అందరికీ మళ్లీ వేస్తాం. డీపీటీ సంగతి వేరు. 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్‌తో (డీపీటీ కూడా కలిసిన ఐదు జబ్బుల టీకా) వచ్చిన రక్షణ క్రమంగా తగ్గుతుంది. అందుకే ఒకటిన్నర ఏడుకు ఒకసారి, 5–6 ఏళ్లకు మరోసారి డీపీటీ, 10, 16 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా). రెండింటికీ ఒకే కారణం చెబితే ఇంటర్నెట్‌లో చదివి వచ్చిన తండ్రి నిలదీస్తాడు.

ఒక తండ్రి, పరకాల:
మా పాపకు రెండేళ్లు దాటాయి, ఈ టీకాలు తప్పిపోయాయి. మళ్లీ మొదటి నుంచి వేయాలా? ఇప్పుడు వెళితే తిడతారని మా ఇంట్లో వెనకాడుతున్నారు.

విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు, హనుమకొండ:
అక్కర్లేదు నాయనా, ఆగిన చోటి నుంచే వేస్తారు. ఎంఆర్ ఐదేళ్లలోపు, డీపీటీ ఏడేళ్లలోపు వేయించుకోవచ్చు. కార్డు తీసుకుని రేపే వెళ్లండి. పోగొట్టుకున్నా పరవాలేదు, వివరాలు రిజిస్టరులో ఉంటాయి. ఏఎన్ఎం గారూ, ఈయన చివరి మాట చదివారా? మీ జాబితాలో రాని ఇళ్లలో కొన్ని ఇలాంటివే అయి ఉంటాయి. ముందు అక్కడికి వెళ్లండి.